ఊర్ణకేశి మేకుల వలయం

సుగంధిపుర యువరాజు కేయూరవర్మ, అతని గుర్రాల కాపరి ఓబన్న శ్వేతదుర్గం ముందుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. సూర్యుడు ఎక్కడున్నాడో మాత్రం తెలియలేదు. కొండంతా మంచు మీగడలా పరుచుకుని చెట్టుకూ పుట్టకూ తేడా లేకుండా చేసింది. ఆ మంచులోంచి బురుజులు ఒక్కొక్కటే పైకి తేలాయి. దంతపు రంగు బురుజులు, హంసమెడల్లా వంగిన తోరణాలు, లతలూ నెమళ్లూ చెక్కినట్టున్న గవాక్షాలు. చూడటానికి ఇంద్రభవనమే. కానీ ఆ కోటకు రాయీ లేదు, సున్నమూ లేదు. గోడలూ గుమ్మాలూ సమస్తం ఉన్నితో అల్లినవే. గాలి లేకపోయినా ఆ గోడలు మెల్లగా లోపలికి పోయి, మళ్లీ మెల్లగా బయటికి వస్తున్నాయి.

"రాజా, ఇది కోట గాదు. ఊపిరి తీస్తాండాది సూడు," అన్నాడు ఓబన్న. అతని పళ్లు టకటకలాడుతున్నాయి. చలికేనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ కోటకు ఏలిక ఊర్ణకేశి అనే మాంత్రికురాలు. ఆమె మనిషి నడినెత్తిన గోటితో గీరి, అక్కడ చిక్కిన కొసను పట్టుకుని దారం లాగుతుంది. లాగేకొద్దీ మనిషి తరిగిపోతాడు. చివరికి ఒక దారపు ఉండ మిగులుతుంది. వసంతోత్సవం నాడు ఉద్యానవనంలో పువ్వులు కోస్తున్న కేయూరవర్మ చెల్లెలు హేమలేఖను ఆమె ఎత్తుకుపోయింది. అన్న చూస్తుండగానే మేఘం లాంటి ఉన్ని దిగివచ్చి పిల్లను చుట్టేసింది. నాటినుంచీ అతనికి అన్నం సయించలేదు. దారిలో కనిపించిన ముని ఒక్కమాటే చెప్పాడు: "నాయనా, ఆ కోటలో కత్తి దూస్తే నీ చెల్లెల్ని నువ్వే చంపుకుంటావు. అక్కడ పోగు తెగితే ప్రాణం తెగినట్టే." అందుకే యువరాజు కత్తిని కొండ దిగువన పాతిపెట్టి, కుళ్లాయిలు అమ్ముకునేవాడి వేషంలో వచ్చాడు.

ముని మాటకు రుజువు ద్వారం పక్కనే ఉంది. ఇదివరకు ఏ రాజో సేనతో వచ్చి గోడను కత్తులతో నరికినట్టున్నాడు. ఆ మేర దారాలన్నీ బూడిదరంగుకు తిరిగి వేలాడుతున్నాయి. కేయూరవర్మ తెగని గోడకు చెవి ఆనించాడు. లోపల గొంతులు! ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు. ఎవరో ముసలావిడ తప్పిపోయిన మేకను పేరుపెట్టి పిలుస్తోంది. తెగిన చోట చెవి పెడితే ఏమీ వినిపించలేదు.

ద్వారం ముందు ఒక పీట. పీట మీద గుండ్రని కొయ్య వలయం. దాని అంచు పొడవునా వేలెడేసి మేకులు నిలబెట్టి ఉన్నాయి. పక్కన ఒక కొక్కెం, ఒక ఉన్ని ఉండ. లోపలినుంచి ఆడగొంతు వినిపించింది.

"అల్లడం వచ్చినవాడు అల్లుకుని లోపలికి రా. రానివాడు అక్కడే ఉండు. నేనే వచ్చి నిన్ను అల్లుకుంటాను."

రాజకుమారులు విలువిద్య నేరుస్తారు, గజశాస్త్రం నేరుస్తారు, కుళ్లాయిలు అల్లడం ఎవరూ నేర్వరు. మనవాడు నేర్చాడు! చిన్నతనంలో జ్వరంతో నెలలు మంచం పట్టినప్పుడు దాది రంగసాని ఇలాంటి వలయమే చేతికిచ్చి కూచోబెట్టింది. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే గోలీలకు సంచి, చిలకపంజరానికి ముసుగు, గుర్రప్పిల్లకు పగ్గం, చెల్లెలి బొమ్మకు చొక్కా, అన్నీ ఆ వలయం మీద అల్లినవే. ఒకనాడు అస్త్రగురువు చూసి, "రాజ్యం ఏలుతావా, సంతలో కుళ్లాయిలు అమ్ముతావా?" అని పదిమందిలో నవ్వాడు. కుర్రవాడికి తల కొట్టేసినట్టయి వలయాన్ని అటక మీదికి విసిరేశాడు. మళ్లీ ముట్టలేదు.

ఇప్పుడు ముట్టక తప్పలేదు. కేయూరవర్మ పీట మీద కూచుని మేకులకు దారం చుట్టాడు. ధనుస్సు నారి బిగించిన చేతులు కదా, దారాన్నీ అలాగే బిగించాయి. కొక్కెం దూరేందుకు సందు లేదు. బలంగా లాగితే కొక్కెం జారి వేలికి గుచ్చుకుంది. ఈలోగా ద్వారం కిందనుంచి ఒక తెల్లని పోగు పాములా పాకి వచ్చింది. ఓబన్న మడమను తడిమింది. వెన్ను మీదుగా ఎక్కింది. మెడ దాటి జుట్టులోకి దూరి, నడినెత్తిన ఏదో వెతకసాగింది.

"రాజా! తలకాయలో ఎవురో గీరతాండారు!" అని అరిచాడు ఓబన్న. చేతులు ఎత్తి దాన్ని లాగబోతే, చేతులు లేవలేదు.

కేయూరవర్మ కళ్లు మూసుకున్నాడు. ఎన్నడో మరిచిన రంగసాని పాట నాలుక మీదికి వచ్చింది.

"మేకుకు వదులుగ చుట్టాలి,
కింది మెలికను పట్టాలి,
పైదాని మీదుగ దాటించి
గుంటలోనికి నెట్టాలి."

వదులుగా! అదీ మరిచినమాట. అల్లినదంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాడు. మేకు చుట్టూ ఒక చుట్టు, దానిపైన ఇంకో చుట్టు. కింది మెలికను కొక్కెంతో ఎత్తి పైదాని మీదుగా దాటించి లోపలికి వదిలాడు. మరుసటి మేకు. ఆ మరుసటిది. బుర్ర మరిచినా వేళ్లు మరవలేదు. కాసేపటికి వేళ్లు కనిపించనంత వేగం వచ్చింది. వలయం నడుమనుంచి ఉన్ని గొట్టం కిందికి దిగుతోంది. అది జానెడు దిగగానే మెలికలన్నిటి గుండా దారాన్ని పోనిచ్చి మేకుల నుంచి జారవిడిచి, కొస పట్టి లాగాడు. సంచిమూతి బిగిసినట్టు గొట్టం పైన మూసుకుని కుళ్లాయి తయారైంది. దాన్ని ఓబన్న తల మీదికి లాగాడు. నడినెత్తి దొరకక ఆ తెల్లపోగు అటూ ఇటూ తడుముకుని, బుసకొట్టి వెనక్కి పోయింది.

ఓబన్న రెండు చేతులా కుళ్లాయి పట్టుకుని, "సచ్చేదాకా ఇది తియ్యను సామీ," అన్నాడు.

యువరాజు తనకూ ఒకటి అల్లుకుని, వలయం, కొక్కెం, మిగిలిన ఉన్ని ఉండ చంకన పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. ద్వారం దానంతటదే వెనక మూసుకుంది.

లోపల అడుగుల చప్పుడు లేదు. మాటకు మారుమోత లేదు. ఏ శబ్దాన్నయినా ఆ ఉన్ని మింగేస్తోంది. పొడవాటి వసారాలో నాలుగు అడుగులు వేశారో లేదో ఓబన్న కాలికింద నేల ఊడిపోయింది. కింద వడకని ఉన్ని ఊబి! నడుము దాకా దిగాడు, చంకల దాకా దిగాడు. కేయూరవర్మ గబుక్కున కూచుని వలయం మీద కొద్ది మేకులకే దారం చుట్టి, చుట్టూ తిరగకుండా కొసకు రాగానే వెనక్కి మళ్లాడు. అలా ముందుకూ వెనక్కూ అల్లితే గొట్టానికి బదులు పట్టీ వస్తుంది, గుర్రప్పిల్ల పగ్గం అల్లినది అలాగే. ఓబన్న గడ్డం దాకా మునిగాడు. నోట్లో ఉన్ని దూరుతోంది. పట్టీ విసిరితే అందలేదు. "ఉండరా, ఉండు!" అంటూ ఇంకో మూర అల్లి విసిరాడు. ఓబన్న దాన్ని పళ్లతో పట్టాడు! యువరాజు వెనక్కి వాలి లాగితే పట్టీ సాగింది, సన్నబడింది, తెగలేదు. గట్టున పడ్డ ఓబన్న ఉన్ని ఉమ్ముకుంటూ, "ఇంకోసారి మీ గురువు నవ్వితే నా కాడికి పంపండి రాజా," అన్నాడు.

వసారా చివర పెద్ద చావడి. అక్కడ ఊర్ణకేశి కూచుని ఉంది. పండుతల, ముడతల మొహం, కళ్లు మాత్రం పసిపిల్ల కళ్లంత తేటగా ఉన్నాయి. ఆమె జుట్టు భుజాల మీదినుంచి నేలకు జారి, నేలమీదినుంచి గోడల్లోకి పాకి, ఆ కోటలో కలిసిపోయింది. చేతివేళ్లు కొయ్యబారి మేకుల్లా నిటారుగా ఉన్నాయి. ఆమె ముందు కప్పునుంచి ఒక చిన్న వలయం వేలాడుతోంది. ఆ వలయం కింద ఒక పసివాడు!

ఉన్ని పసివాడు. పాదాలూ, గోళ్లూ, మోకాళ్లపై మడతలూ, ముక్కూ, మూసుకున్న రెప్పలూ అన్నీ అల్లినవే. నడినెత్తి ఒక్కటే పూడలేదు. అక్కడి మెలికలు ఇంకా మేకులకే తగులుకుని ఉన్నాయి. నుదుటి పైనుంచి చివరి వరసలన్నీ బంగారు రంగు దారం. ఆ దారంలోంచి సన్నగా, నీళ్లలోంచి వచ్చినట్టు, ఒక గొంతు వినిపించింది. "అన్నా... చీకటిగా ఉంది అన్నా."

అది హేమలేఖ గొంతు. మొహం మారకుండా నిలబడటానికి కేయూరవర్మ పడ్డ యాతన శత్రువుకు కూడా వద్దు.

"ఏ ఊరు తమ్ముడూ?" అంది ఊర్ణకేశి.

"పల్లపు సీమ అక్కా. కుళ్లాయిలు అల్లుకు బతికేవాణ్ణి. పేరు సిద్ధయ్య."

అక్కా అన్న మాటకు ఆ ముసలిదాని కళ్లు చెమర్చాయి.

"ఎన్నాళ్లయింది తమ్ముడూ ఆ పిలుపు విని! ఈ కొండల్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు మొదటి కుళ్లాయి తల్లి అల్లాలి. నెత్తిన కొస లాగి మూసేది మేనమామే. తల్లి మూస్తే బిడ్డకు అచ్చిరాదంటారు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. వరసకు ఎవరైనా వచ్చి మూయండయ్యా అని గడపగడపకూ తిరిగాను. మంత్రాలదాని బిడ్డకు మేనమామ ఎవడవుతాడన్నారు. కుళ్లాయి పైన తెరుచుకునే ఉండిపోయింది. నా చంటివాడు ఆ బోడినెత్తితోనే మంచులోకి పాకి..."

ఆమె కొయ్యవేళ్లతో ఉన్ని పసివాడి పాదాలు నిమిరింది.

"ఇప్పుడు ఇంతమందినీ తెచ్చి వాణ్ణి మళ్లీ అల్లుకున్నాను. మాడు పూడిస్తే లేస్తాడు. పూడ్చే హక్కు నాకు లేదు. నువ్వు మేనమామవై కొస లాగుతావా తమ్ముడూ?"

జాలి కలగలేదంటే అబద్ధం. కానీ ఆ మాడు పూడిందంటే హేమలేఖ ఇక ఎన్నటికీ బయటికి రాదు.

"లాగుతానక్కా. అంతకన్నా భాగ్యమా!" అన్నాడు కేయూరవర్మ.

ఊర్ణకేశి ఆనందం పట్టలేక లేచింది. "లేస్తూనే ఆకలంటాడు. పాలు కాచి, బెల్లం వేసి తెస్తాను. నే వచ్చాకే లాగు," అని లోపలికి వెళ్లింది. ఆమె జుట్టు వెంట సరసరా పాకింది.

"గొర్రె కసాయోణ్ణే నమ్ముతాదంటే ఇదే," అని గొణిగి ఓబన్న మొలలోంచి పిడిబాకు తీశాడు. "చెల్లెమ్మ ఉండే కాడికి కోసేసి ఎత్తకపోదాం పా రాజా!"

ఓబన్న పుట్టింది గొంగళ్లు నేసే ఇంట. మగ్గం మీదినుంచి గొంగళిని దించాలంటే కోసి దించవలసిందే, అతనికి తెలిసిన పద్ధతి అదే. ముని మాట ఆ క్షణాన గుర్తురాలేదు. కేయూరవర్మ చెయ్యి పట్టుకునేలోపలే బాకు మొన బంగారు దారం కిందనున్న ఒక పోగుకు తగిలింది. ఎద్దులను అదిలిస్తున్న గొంతు ఎక్కడో మాట మధ్యలో ఆగిపోయింది. ఆ పోగు బూడిదరంగుకు తిరిగింది.

ఓబన్న బాకు వదిలేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఎవురో రైతు... సామీ, నేను ఎవురో రైతును సంపినా!" అని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు. ఓదార్చడానికి వ్యవధి లేదు. యువరాజు అప్పటికే మెలికలను ఒక్కొక్కటిగా మేకుల మీదినుంచి ఎత్తుతున్నాడు. నేసిన బట్టకు ఎన్నో పోగులు. అల్లిన బట్టకు దారం ఒక్కటే, చివరి కొస దొరికితే చాలు, లాగితే వచ్చేస్తుంది. చివర అల్లింది హేమలేఖను. కాబట్టి ముందు రావలసింది హేమలేఖే.

కొస దొరికింది. లాగాడు. మెలిక వెంట మెలిక టపటప ఊడుతూ బంగారు దారం పరుగెత్తి వచ్చింది. నేలమీద పడిన దారం కుప్ప కాలేదు. దానంతటది చుట్టుకుని రెండు పాదాలైంది. పాదాలకు మువ్వలు వచ్చాయి. వసంతోత్సవం నాటి కుంకుమరంగు పరికిణీ, పువ్వులు పట్టిన చేతులు, కంఠం, చుబుకం, పెద్ద కళ్లు. తిరిగి వచ్చిన చెల్లెలు అన్నను చూసి పెదవులు కదిపింది. శబ్దం రాలేదు. పసివాడి నుదుటి మీద ఇంకా ఒక్క వరస మిగిలి ఉంది. ఆమె గొంతు అందులో ఉండిపోయింది.

మేనమామనవుతానని మాటిచ్చిన చెయ్యే కొస లాగింది కదా, అప్పుడే ఉన్ని పసివాడు కళ్లు తెరిచాడు.

"అమ్మా!" అన్నాడు, హేమలేఖ గొంతుతో.

కోట ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. లోపలినుంచి "లేచాడు! తమ్ముడూ, నా తండ్రి లేచాడు!" అనే కేక దగ్గరవుతోంది.

కేయూరవర్మ మిగిలిన వరసను లాగాడు. సగం వచ్చి దారం ఆగిపోయింది. చూస్తే, బంగారు దారం అక్కడ ఒక నల్లని పోగుకు ముడివేసి ఉంది. అది ఉన్ని కాదు. పసిపిల్లల తలవెంట్రుక, మెత్తగా, రింగులు తిరిగి. ఊర్ణకేశి తన కొడుకు తలమీదినుంచి దాచుకున్నది అదొక్కటే కాబోలు.

ముడి దగ్గర ఆగాలి. ముడి విప్పి, ఈ దారాన్ని ఆ దారాన్నుంచి వేరుచేసి, ఆ తర్వాతే లాగాలి. వలయం పట్టిన చంటిపిల్లవాడికైనా తెలిసిన సంగతి. ఆవగింజంత ముడి అది. కేయూరవర్మ గోరు పెట్టాడు, జారింది. కొక్కెం పెట్టాడు, జారింది. పంటితో పట్టాడు. ముడి కొంచెం వదులైనట్టే అనిపించింది.

"వచ్చేసె రాజా! తలుపు కాడుండాది! లాగు!"

పరదా మీద ఊర్ణకేశి నీడ పడింది. చెల్లెలు మాట రాని నోటితో అతని ఉత్తరీయం పట్టుకుని గుంజుతోంది. కేయూరవర్మ విప్పలేక, ఆగలేక, కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగాడు.

ముడి మెలికల్లోంచి దూసుకుని వచ్చేసింది. వెంట జానెడు నల్ల పోగూ వచ్చింది. బంగారు దారంతో పాటు అదీ హేమలేఖ నడినెత్తిన చొరబడి కనిపించకుండా పోయింది. వలయం కింద పసివాడి మొహం ముడుచుకుని, ఒట్టి ఉన్నితిత్తిలా వేలాడింది.

హేమలేఖ గుండెలనిండా గాలి పీల్చింది.

"చెల్లీ! హేమా!" కేయూరవర్మ ఆమెను పొదివి పట్టుకున్నాడు. ఇన్నాళ్ల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. "నేనే తల్లీ, మీ అన్నను. పద, పోదాం."

హేమలేఖ అతని చేతుల్లోంచి తల ఎత్తింది. అచ్చం ఆ కళ్లే, అచ్చం ఆ మొహమే. అతని గడ్డాన్ని అరచేత్తో మెల్లగా తడిమి, కుళ్లాయిని చూసి చంటివాడిలా నవ్వింది.

"మామా," అంది ముద్దుముద్దుగా. "ఆకలేస్తోంది. అమ్మేదీ?"

గుమ్మంలో పాలగిన్నె నేలపడింది. శబ్దం కాలేదు.

"ఇక్కడే ఉన్నాను నాయనా," అంది ఊర్ణకేశి, రెండు చేతులూ చాపి.